రంగు కింద ఉప్పు

లేటట. నీల్ దీవికి పోయే బోటు లేటట. ఎందుకో చెప్పరు, ఎంతసేపో చెప్పరు. మైకులో ఆ మనిషి హిందీలో ఓ ముక్క గొణిగి ఊరుకున్నాడు, ఫీనిక్స్ బే జెట్టీ మీద జనమంతా ఎక్కడివాళ్ళక్కడ సామాను దింపుకుని కూలబడ్డారు. నేనూ కూలబడ్డాను, నా గోనెసంచి మీదే. లోపల గ్రైండరు, వైరు బ్రష్షులు, గీకుడు బ్లేళ్ళు, గరుకు కాగితాలు, అన్నీ గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోనీ. పేరంటానికి పోతున్నానా మెత్తగా కూర్చోడానికి? నా చేత్తో వేయించిన రంగుని నా చేత్తోనే గీకడానికి పోతున్నాను. నీల్‌లో ఒక రిసార్టుకి ఇనుప రెయిలింగు మొత్తం నేనే చేసిచ్చాను, మెట్లకీ, బాల్కనీలకీ, సముద్రం ఒడ్డున నడిచే దారికీ. నా షాపుకి వచ్చిన మొట్టమొదటి పెద్ద పని. బిగించిన రోజున నల్లగా నిగనిగలాడుతుంటే పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను, సిగ్గులేకుండా. ఒక్క వానాకాలం ఆగలేదు. ఆటలమ్మ పోసినట్టు పొక్కులొచ్చాయి. వేలు పెట్టి నొక్కితే పుటుక్కున పగిలి లోపల్నించి ఎర్రటి నీళ్ళు. మేనేజరు ఫోటో మీద ఫోటో పంపి కింద ఒకటే మాట రాశాడు, మేడమ్, లోకల్ పని అంటే ఇదేనా అని. గీకి మళ్ళీ వేస్తే సరే, లేదంటే మొత్తం పీకించి మెయిన్‌లాండ్ నుంచి తెప్పించుకుంటాం అన్నాడు. పీకించారంటే నా పని అయిపోయినట్టే. ఈ దీవుల్లో మాట బోటుకన్నా ముందు చేరుతుంది, ఇంకెవడూ నాకు కిటికీ గ్రిల్లు కూడా చెప్పడు, డైరీ ఫార్మ్ పేటలో నా షాపు షట్టరు దించేసి ఇంట్లో కూర్చోవడమే. ఇంట్లో కూర్చుంటే మా ఆయన గణేశ్వరరావు ఏమీ అనడు. అదే నాకు భయం. ఉద్యోగం మానేస్తానన్నప్పుడు కూడా ఏమీ అనలేదు, స్కూలు పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా నీ ఇష్టం అన్నాడు. తిట్టినా బావుండేది.

అర్థం కానిదల్లా ఒకటే. సముద్రం ఒడ్డున దారికి వేసిన రెయిలింగు, రాత్రింబవళ్ళు అలల తుంపర కొట్టేది, అది చెక్కుచెదరలేదు. లోపల నీడపట్టున ఉన్న మెట్లది, బాల్కనీలది మాత్రం లేచిపోయింది. అదే ఇనుము, అదే డబ్బాలో రంగు, అదే రోజు పూత. తడిసింది బాగుంది, తడవనిది కుళ్ళింది. దేవుడికి కూడా పరాచికాలాడ్డానికి నేనే దొరికానా?

"అరే, లక్ష్మీకుమారీ! నువ్వేనా? ఎంత నల్లబడిపోయావే!" అదిగో, దొరికింది. కళ. ఆఫీసులో నా పక్క సీటు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, మెడలో ఐడీ కార్డు, అఫీషియల్ టూరట, నీల్‌లో ఏదో ఇన్‌స్పెక్షనట. నా గోనెసంచి వైపు చూసి, నా గోళ్ళ వైపు చూసి, చూడనట్టు మొహం పెట్టింది. "మొన్నే ప్రమోషన్లు అయ్యాయి తెలుసా? నువ్వుండుంటే నీ పేరే ఫస్ట్. క్యా కరే, ఎవరి నసీబు వాళ్ళది" అంది. తెలుసు తల్లీ, తెలుసు. నవ్వాను. నవ్వడం ఆఫీసులో నేర్చుకున్నదే, ఇంకా మర్చిపోలేదు. ఏసీ వెయిటింగ్ హాల్లోకి పోయింది కళ, ఆ తలుపు తెరుచుకున్నప్పుడు చల్లటి గాలి ఒక్క క్షణం నా చెంపలకి తగిలి మళ్ళీ మూసుకుంది, డీజిలు వాసనా ఎండు చేపల వాసనా మళ్ళీ నాకే మిగిలాయి. ఆ చల్లదనం నాకు తెలియనిది కాదు. అన్నేళ్ళు దాని కిందే కూర్చున్నాను, రికార్డు సెక్షన్లో, కాగితాలకి కన్నం పొడిచి ట్యాగు కట్టడం, కట్టింది విప్పి ఇంకో ఫైల్లో కట్టడం. ఐటీఐలో వెల్డరు ట్రేడు చేసినదాన్ని. క్లాసులో ఒక్కదాన్నే ఆడపిల్లని. మొదటిసారి రాడ్డు తగిలించి రెండు ముక్కల్ని ఒకటి చేసిన రోజున అద్దం పక్కకి తీసి చూసుకుంటే, ఆ ఎర్రగా చల్లారుతున్న అతుకు నాది అనిపించింది, నాది అని అనిపించిన వస్తువు అంతకుముందు ఏదీ లేదు నాకు. ఆ తర్వాత పరీక్ష రాశాను, పాసయ్యాను, గవర్నమెంటు ఉద్యోగం. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు. ఆఫీసుకి మెయిన్‌లాండ్ నుంచి ఓడలో ర్యాకులొచ్చేవి, విప్పేసరికే మూలలు తుప్పు, వాటి బిల్లుల మీద ముద్ర కొట్టి పాస్ చేసేదాన్ని నేనే. కొట్టిన ప్రతిసారీ నా చేతులు నన్ను చూసి నవ్వేవి. ఇంతకన్నా బాగా చేయలేవా అని. చేయగలను అనుకున్నాను. అనుకోవడం వరకూ బాగానే ఉంది.

రాజీనామా ఇచ్చానని తెలిసిన రోజు జంగ్లీఘాట్‌లో మా పుట్టింటికి జనం పలకరింపులకి వచ్చారు. నిజంగా. ఎవరో పోయినట్టు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చి అమ్మ పక్కన కూర్చుని తల పంకించారు. అమ్మ, కాళమ్మ, ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకుంటూనే అందరికీ టీలు పెట్టింది. నాన్న ఏడవలేదు. వల బాగుచేసుకుంటూ అరుగు మీద కూర్చుని, సూది ఆపకుండా, "కుర్సీలో కూకున్న సేతులకి ఇనుము రాదు. గంగమ్మ పిలిసి ఇచ్చిన కుర్సీని తన్నీసినావు" అన్నాడు. అంతే. ఆ తర్వాత షాపు గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఐటీఐ ఉందని ఆయనకి తెలియదా? తెలుసు. ఆ సర్టిఫికెట్ అటక మీద దాచింది ఆయనే.

మా వాళ్ళలో ఒక పద్ధతుంది. మాకు సముద్రమంటే గంగమ్మ. కొత్త పడవైనా, కొత్త వలైనా, సెకండ్‌హ్యాండు ఇంజనైనా సరే, పసుపు కలిపిన సముద్రపు నీళ్ళు పోయకుండా పనిలోకి దింపరు. మా నాన్న నూకన్నకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. షాదీపూర్‌లో మా పిన్ని కొడుకు ఆటో కొంటే దాని టైర్లకి పోశాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే జంగ్లీఘాట్ నీళ్ళు చెంబుతో తెచ్చి గుమ్మంలో నన్ను నిలబెట్టి పాదాల మీద పోశాడు. కొత్త చెప్పులు తడిసిపోతున్నాయి నాన్నా అంటే తడవనీ అన్నాడు. ఆఫీసుకి చేరేసరికి కాళ్ళ మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది, బల్ల కింద ఎవరూ చూడకుండా ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకున్నాను. అలాంటి మనిషి నా షాపు తెరిచిన రోజు రాలేదు. అమ్మ వచ్చింది, ఆయన రాలేదు. రిబ్బను కత్తిరిస్తున్నప్పుడు కూడా రోడ్డు మలుపు వైపే చూశాను, చెంబు పట్టుకుని వస్తాడేమోనని. ఇంజనుకిచ్చిన పాటి విలువ నాకివ్వలేదు. ఆ రోజు ఆయనకీ నాకూ మధ్య ముడి పడింది, ఇప్పటిదాకా వీడలేదు. ఎందుకు వీడాలి?

బండి చప్పుడు. పోర్టర్లు తోపుడు బండ్లు తోసుకుంటూ బోటు గట్టుకి చేరే చోటికి పోతున్నారు, అంటే ఇక వస్తుందన్నమాట. మూడో బండి మీద చెయ్యి వేసినవాణ్ణి చూశాను, చూడకుండా ఉండాల్సింది. కన్నబాబు. నన్ను చూశాడు, చూసి తల అటు తిప్పుకున్నాడు. తిప్పుకో. నీ పుణ్యమా అనే కదా ఇవాళ ఇక్కడ ఎండలో కూర్చున్నాను. నా షాపులో రంగు పని వాడిదే. ఇనుము కడగడం, ఆరబెట్టడం, అడుగు పూతగా రెడాక్సైడ్ కొట్టడం, పైన నల్ల పూత. రంగు కంపెనీ మనిషి నాతో నీల్ వచ్చి, ఒక పొక్కు చిదిమి, ఆ నీళ్ళు వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. ఛీ అనుకున్నాను. వాడు మాత్రం తల ఊపి, "రంగ్ కే నీచే నమక్ హై, మేడమ్, రంగు కింద ఉప్పుంది. ఇనుము ఏ నీళ్ళతో కడిగారు?" అన్నాడు. అంతే, నాకు వెలిగింది. ఆ వారం కుళాయి సరిగ్గా రాలేదు. షాపు వెనకాలే ఉప్పు కాలవ. బద్ధకస్తుడు, డ్రమ్ము అడుగున ఉన్న మంచినీళ్ళు తోడటం ఎందుకని కాలవ నీళ్ళు కొట్టేసుంటాడు. కాదు దీదీ, డ్రమ్ము నీళ్ళే, నా పిల్ల మీద ఒట్టు అన్నాడు. పిల్ల మీద ఒట్లు నా దగ్గరెయ్యకు అన్నాను. మరి నేను చూశాను కదా! పూత వేసే రోజు పొద్దున షెడ్డు తెరిచేసరికి, రాత్రి ఆరబెట్టిన పైపుల్లో కొన్నిటి మీద తడి, అతుకుల మూలల్లో పసుప్పచ్చటి మరక. కడిగిన నీళ్ళు ఆరక తుప్పు లేచిందనుకున్నాను, వాడి మీద కేకలేశాను. మర్నాటికి కార్గో బోటు బుక్ చేసుంది, తుడిచి కొట్టేయ్ అన్నాను. వాడు ఆ మరకని వేలితో రుద్ది వాసన చూసి ఏదో అనబోయాడు. నోర్ముయ్, పని చూడు అన్నాను. పొక్కుల సంగతి తేలి, వాడి ఒట్టు నేను కొట్టిపారేశాక, చేతి తొడుగులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, ఇంకొక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పుంటే ఇంత కోపం ఉండేది కాదేమో. డైరీ ఫార్మ్‌లో ఉన్న షాపులన్నిటికీ నేనే చెప్పాను, వాణ్ణి పెట్టుకోకండి, ఉప్పునీళ్ళతో కడుగుతాడు అని. ఎవరూ పెట్టుకోలేదు. ఇదిగో, బండి తోసుకుంటున్నాడు. అనుభవించనీ. నాకేం సంతోషంగా లేదు, కానీ బాధ కూడా లేదు. అసలు ఇవాళ మొహం మీదే అడగాలి, నీ బద్ధకానికి నా బతుకు ఎందుకురా బలి పెట్టావని. మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి, ఎన్ని సార్లు నోట్లో తిప్పుకున్నానో, ఇంట్లో గిన్నెలు తోముకుంటూ, గ్రైండరు పెట్టుకుంటూ, వేడి తగ్గకుండా.

"బోటు రానేదా ఇంకా?" తలెత్తితే నాన్న. గళ్ళ లుంగీ, పైన ఉతికిన చొక్కా, అంటే పని మీదే వచ్చాడు. ఒక చేతిలో అమ్మ పంపిన క్యారేజీ, ఇంకో చేతిలో పెద్ద కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు. ఈయన ఇక్కడికెందుకొచ్చాడు? నా పనికి సంబంధించిన చోటికి ఆయన రావడం ఇదే మొదలు. నా పక్కన గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళ కేసి చూశాడు. "గాలి తిరిగింది. అవతల కెరటం ఉంటాది, వాంతులవుతాయేమో, ఇప్పుడే తినీకు" అన్నాడు. తినను అన్నాను. సంచిలోని గ్రైండరు తాకి చూశాడు, పైనుంచే, వైరుని కాస్త లోపలికి దోపాడు. ఆయన చేతులు ముడతలు పడ్డాయి. ఎప్పుడు పడ్డాయో. ఎండ నెత్తి మీదికొచ్చింది, పొద్దుట్నించీ గుక్కెడు నీళ్ళు తాగలేదు, ఈ జెట్టీ కుళాయి నీళ్ళు నోట పెట్టుకోబుద్ధి కాదు, అమ్మకి ఆ సంగతి తెలుసు కాబట్టే సీసా పంపింది. తీసుకుని, నీళ్ళ రంగైనా చూసుకోకుండా మూత తిప్పి గడగడా రెండు గుక్కలు పోసుకున్నాను.

ఉప్పు. గొంతు మండిపోయింది, ముక్కులోకి ఎక్కింది, తుపుక్కున ఉమ్మేశాను, దగ్గు ఆగలేదు. "ఓలమ్మా! అది తాగడానిక్కాదే!" అని నాన్న సీసా లాక్కుని, నా వీపు మీద చరుస్తూ నవ్వుతున్నాడు, నవ్వుతున్నాడు! "గంగనీళ్ళే పిచ్చిదానా. ఇనుముకి. గీకీసినాక, రంగెయ్యక ముందు పొయ్యాల."

దగ్గు ఆగింది. ఏమిటన్నావు నాన్నా అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు, దొంగచాటుగా చేసిన మంచిపని చెప్పుకుంటున్నట్టు. "పోయినసారీ ఒచ్చినాను నాను. నీకు సెప్పనేదు. తెల్లారగట్ల ఏటకి పోతా పోతా నీ షెడ్డు ఎనక రేకు జరిపీసి దూరినాను. ఇనుమంతా సుద్దంగా కడిగీసి పరిసీసి ఉంది, బాగా సేసినావు. పసుపు కలిపి పోసినాను. మరి సీసా సిన్నది, సగానికే సరిపోయింది. సగం పాడైందని మీయమ్మ సెప్పినాది. ఆ మిగిలిన సగానికి పొయ్యనేదు కదా, అదే పాడైపోనాది. నా మనసుకి అప్పుడే తట్టింది. బస్, ఈసారి పెద్దది తెచ్చినాను."

సగానికి. సగానికే. ఆయన పోసిన సగమే మెట్లది, బాల్కనీలది. పసుప్పచ్చటి మరక. పసుపు! తుప్పు కాదు, పసుపు, రోజూ కూరలో వేసుకునే పసుపు, దాని వాసన కూడా పట్టలేకపోయానా నేను? కన్నబాబు వేలు ముక్కు దగ్గర పెట్టుకుని ఏదో అనబోయాడు, నోర్ముయ్ అన్నాను. రాలేదు రాలేదు అని ఇన్నాళ్ళూ ఎవరి మీద పళ్ళు కొరుక్కున్నానో ఆయన వచ్చాడు. చీకట్లో, దొంగలా రేకు జరుపుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, నా ఇనుము బాగుందనుకుని, నా ఒక్కో పైపు మీద ప్రేమగా నా చావుని పోసిపోయాడు. ఏడవాలా, నవ్వాలా? కన్నబాబు కోసం వండి పెట్టుకున్న తిట్లన్నీ నోట్లో వేడివేడిగా ఉన్నాయి, ఎదురుగా మనిషి మారాడు, అంతే. నీ వల్లే నాన్నా. నీ నీళ్ళ వల్లే. చెప్పేయొచ్చు. నీ గంగమ్మే నా రంగు తినేసింది, ఆటో టైర్లకి పోసుకో, వలలకి పోసుకో, ఇనుముకి సముద్రం కన్నా శత్రువు ఇంకోటి లేదని ఈ దీవుల్లో పుట్టి ఇంత వయసొచ్చీ తెలియదా నీకు? తెలియదు. ఆయన పడవ చెక్క పడవ. ఉప్పులో నానితేనే చెక్క బిగుస్తుంది. ఆయనకి తెలిసిన లోకంలో ఆ నీళ్ళు ఎన్నడూ ఎవరికీ చెడు చెయ్యలేదు. ఆయన్ని ఎన్నిసార్లు మింగబోయి కక్కేసిందో ఆ నీరు, ప్రతిసారీ తల్లి కాపాడింది అనే అన్నాడు తప్ప తల్లి ముంచబోయింది అనలేదు. ఇప్పుడు ఆ మనిషికి నేను చెప్పాలి, నువ్వు పోసింది విషం అని. చెబితే? ఏమీ అనడు. లేచి, లుంగీ దులుపుకుని, బస్సెక్కి ఇంటికి పోతాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ దేని మీదా నీళ్ళు పొయ్యడు. వల మీద కూడా.

బోటు హారన్ మోగింది. జనం లేచారు, తోసుకుంటున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఏసీ హాల్లోంచి కళ ఫోల్డరు నెత్తికి అడ్డం పెట్టుకుని పోతోంది. కన్నబాబు ఖాళీ బండితో నా ముందు నుంచే వెళ్తున్నాడు, అటు తిరిగి.

"కన్నబాబూ!"

ఆగాడు. నా మొహం చూడలేదు, సంచి చూశాడు. "బోలియే దీదీ. మాల్ ఎత్తాలా?"

"ఆ రంగు సంగతి. తప్పు నీది కాదు. నువ్వు డ్రమ్ము నీళ్ళతోనే కడిగావు. నాకు తెలిసింది."

బండి పిడి మీద వాడి చేతులు బిగుసుకున్నాయి. "మరి ఉప్పు ఎక్కడిది?" అన్నాడు.

"ఉప్పేటి?" అన్నాడు నాన్న. సీసా గుండెలకి ఆనించుకుని, ఒకసారి నన్నూ ఒకసారి వాణ్ణీ చూశాడు. "రంగు కింద ఉప్పేటమ్మా? ఎవులు సేసినారు?"

ఇద్దరూ నా నోటి కేసే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. ఒక్క మాటతో కన్నబాబుకి వాడి పరువు పూర్తిగా తిరిగొస్తుంది, నాకు నా పనితనం తిరిగొస్తుంది, నా చేతుల్లో ఏ లోపమూ లేదని ఈ ముసలాయన ఒప్పుకుని తీరాలి. నోరు తెరిస్తే ఇంకా ఉప్పగానే ఉంది.

"నేనే" అన్నాను. "నువ్వు కడిగి వెళ్ళాక, దుమ్ము పడిందని మళ్ళీ కడిగాను. కాలవ నీళ్ళతో. కుళాయి రాలేదు కదా."

కన్నబాబు అప్పుడు నా మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో. నాన్న చేతిలో సీసా వైపు కూడా చూశాడేమో, పసుపు కలిపిన నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. "డైరీ ఫార్మ్‌లో అందరికీ చెప్పావు" అన్నాడు. "ఇది కూడా అందరికీ చెప్తావా?"

"చెప్తాను."

"చెప్పు ముందు. తర్వాత చూద్దాం." సంచి ఎత్తి బండిలో పడేశాడు, కొంచెం గట్టిగానే, లోపల గ్రైండరు ఖణేలుమంది. మళ్ళీ షాపుకి వస్తావా అని అడగడానికి నాకు మొహం లేదు. వాడు బోటు వైపు తోసుకుపోయాడు.

నాన్న తల ఊపుతున్నాడు. కోపం లేదు ఆయన మొహంలో, అదే అన్యాయం, ఎంతో జాలి ఉంది. నా భుజం మీద చెయ్యి వేశాడు. "నానప్పుడే సెప్పినాను కదమ్మా. కుర్సీలో కూకున్న సేతులకి ఇనుము రాదని. ఇన్నావా? పోనీలే. నీకు తెలీదు. ఉప్పునీళ్ళతో ఎవులైనా ఇనుము కడుగుతారేటి?" అన్నాడు. అని, పెద్ద సీసా నా చేతుల్లో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ బిగించి, "ఆ ఉప్పునీళ్ళు యేరు, ఇది యేరు. ఇది గంగ. ఈసారి సగం వొగ్గీకు, మొత్తానికి పొయ్యి, మరిసిపోకు" అన్నాడు.

"పోస్తాను నాన్నా" అన్నాను.

బోటులో కిటికీ పక్కన చోటు దొరికింది. క్యారేజీ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. తాడు విప్పారు, గట్టుకీ బోటుకీ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి, నాన్న జెట్టీ చివరిదాకా నడిచొచ్చి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే వెతుకుతున్నాడు. కనిపించేలా సీసా పైకెత్తి చూపించాను. చెయ్యి ఊపాడు. బోటు మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, అందుకని అందాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను.